కిటికీ అట్ట

చొక్కాలు మెషిన్లో వేసేముందు జేబులు తడిమి చూడటం పెళ్లయ్యాక నాకు దొరికిన కొత్త సరదా. పనే అనుకోండి. మా అత్తయ్య దాన్ని బట్టలు చూడటం అంటారు. "అమ్మాయ్, బట్టలు చూశావా?" అని వంటగదిలోంచే ఒక కేక. ఈ ఇంట్లో చూడటం అంటే నానబెట్టడం, మెషిన్లో వేయడం, తీయడం, ఆరేయడం, మడతపెట్టడం, ఇస్త్రీ చేసి బీరువాలో రంగుల వారీగా సర్దడం. అంత పెద్ద పనికి అంత చిన్న మాట పెట్టినవాళ్లెవరో గానీ గట్టివాళ్లే, వాళ్లు మాత్రం ఒక్కరోజు కూడా బట్టలు చూసి ఉండరు. అయినా నాకు విసుగు రాదు, ఎందుకంటే జేబులున్నాయిగా! పెళ్లయి నూట మూడు రోజులు. ఈ నూట మూడు రోజుల్లో మా ఆయన జేబుల్లో నాకు పిప్పరమెంట్లు దొరికాయి, కొరికిన పెన్సిలు ముక్క దొరికింది, నాలుగు అంకె ఉన్న లిఫ్టు బటన్ ఒకటి దొరికింది (పాపం ఆ నాలుగో అంతస్తు వాళ్లు ఇప్పుడేం నొక్కుతున్నారో), ఒకసారి నా జడపిన్ను దొరికింది. ఆ పిన్ను పట్టుకుని బాల్కనీలో ఒక్కదాన్నే నిలబడి ఎంతసేపు నవ్వుకున్నానో. "మా ఆయన" అనే మాట ఇంకా నోట్లో చాక్లెట్టులా తిరుగుతూ ఉంటుంది. అవసరం లేకపోయినా అంటుంటాను. బస్సులో పక్కసీటావిడ టైమెంతయిందని అడిగితే "మా ఆయన కొనిచ్చిన వాచీలో తొమ్మిదిన్నరండీ" అన్నాను మొన్న.

ఆ ఆదివారం పొద్దున నీలంగళ్ల చొక్కా జేబులోంచి ఒక అట్టముక్క వచ్చింది.

టూత్‌పేస్టు పెట్టె నుంచి కత్తిరించింది. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. మధ్యలో బ్లేడుతో కోసిన సన్నటి సందు, సరిగ్గా ఒక వరుస అచ్చక్షరాలు పట్టేంత. చిరగకుండా చుట్టూ టేపు అంటించి ఉంది, ఆ టేపు కూడా వాడి వాడి నల్లబడింది. ఏ ప్రేమలేఖో అనుకుని ముందు గుండె ఒక గంతు వేసింది, కానీ దానిమీద రాత ఏమీ లేదు. ఎండకి ఎత్తి పట్టుకుని చూశాను. సందులోంచి ఎదురింటి గోడమీద ఒక వరుస ఇటుకలు మాత్రమే కనిపించాయి. అప్పుడు నా బొటనవేలు దానంతటదే ఆ సందు అంచుమీద ఎడమనుంచి కుడికి జరిగింది. నాకంటే ముందు నా చేతికి తెలిసిపోయింది. ఎందుకంటే ప్రతి సోమవారం నేను అలాంటివి ఎనిమిది కత్తిరిస్తాను.

నేను టీచర్ని. అక్షరాలు మాట వినని పిల్లల బడిలో పనిచేస్తాను. ఇది మా పెద్దటీచర్ మాట. పత్రాల్లో పెద్ద పేరుంది గానీ ఆవిడ ఎవరికి చెప్పినా ఇలాగే చెప్తారు. టైర్ల షాపు వెనక సందులో రెండంతస్తుల పాత ఇల్లు, మెట్లమీద పిల్లలు వేసిన సుద్దముక్కల గీతలు. మా పిల్లలకి బుద్ధి మందం కాదు. నా క్లాసులో ఒకమ్మాయి గడియారం విప్పి మళ్లీ బిగించగలదు, కానీ 'వ'కి తోక ఎప్పుడు వచ్చి 'మ' అవుతుందో, 'ద' ఎప్పుడు 'డ' అవుతుందో ఆమెకి నిలకడగా కనిపించదు. పేజీ తెరిస్తే వరుసలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ మీదికొస్తాయంటుంది. అందుకే అట్టలో సందు కోసి ఇస్తాం. ఒక్క వరుసే కనిపిస్తుంది, మిగతావి మూసుకుని కూర్చుంటాయి. దాన్ని మేం కిటికీ అట్ట అంటాం. ఇసుక పళ్లెంలో వేలితో రాయిస్తాం, మట్టితో అక్షరాలు చేయిస్తాం, మాటని చప్పట్లతో ముక్కలు చేయిస్తాం, ఒకరి వీపుమీద ఒకరి చేత అక్షరం గీయించి ఏమిటో చెప్పమంటాం. నాలుగు నెలలకి ఒక పిల్ల ఎవరి సాయం లేకుండా బస్సుమీద బోర్డు చదివి వచ్చి చెప్తే, ఆ రోజు ఇక నాకు భోజనం కూడా అక్కర్లేదు.

మా అత్తయ్య మాత్రం పక్కింటావిడతో "మా కోడలు ఏదో బడిలో మట్టితో ఆడిస్తుందిలే" అంటారు. నాతో అయితే "ఇసుకలో ఆడుకోవడానికి డిగ్రీ కావాలా అమ్మాయ్?" అని నవ్వుతారు. సందు మొదట్లో జిరాక్సు అబ్బాయి మా బడిని మొద్దుల బడి అంటాడు, నా ముందే, నా కాగితాలు నాకిస్తూ. నేను వాడికి ప్రతిసారీ నవ్వుతూనే చెప్తాను, "మీ షాపు బోర్డులో తప్పుంది, దిద్దించుకో" అని.

మా బడిలో ఒక రూలుంది, అన్నిటికన్నా పెద్దది. పెన్ను పిల్లల చేతిలోనే ఉండాలి. పిల్ల ఎంత తంటాలు పడుతున్నా, ఒక్క అక్షరానికి అయిదు నిమిషాలు తీసుకున్నా, టీచర్ ఆ పెన్ను లాక్కుని రాసిపెట్టకూడదు. చెయ్యి ఊరుకోదు కదా మరి. అందుకే పిల్లలు రాస్తున్నంతసేపూ మేం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. మర్చిపోయి చెయ్యి చాపితే పిల్లలే అరుస్తారు, "టీచర్, చేతులు!" అని. ఆ గడియారం అమ్మాయి ఈ విషయంలో మహా గట్టిది. మేం దానికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టుకున్నాం. అది తల ఎత్తకుండానే నా చెయ్యి కదిలిందని పసిగడుతుంది.

పిల్ల గదిలోకి వచ్చిన అయిదు నిమిషాల్లో తన అక్షరాల చిక్కు నేను కనిపెట్టేస్తానని పెద్దటీచర్ నన్ను పదిమందిలో మెచ్చుకుంటారు. అలాంటిదాన్ని నూట మూడు రోజులు ఒకే ఇంట్లో ఉండి కనిపెట్టలేకపోయాను. బాల్కనీలో తిరగేసిన బకెట్టుమీద కూర్చుండిపోయాను. మెషిను నీళ్లు పోసుకుంటూ గురగురమంటోంది, నా బుర్రలో ఒక్కొక్కటే తిరగబడుతోంది.

మేం మొదటిసారి కలుసుకున్నది కాఫీ షాపులో, పెళ్లిచూపులకి. ఆయన మెనూ నా వైపు జరిపి, "మీరే చదవండి, మీ గొంతులో వింటే అన్నీ బాగుంటాయనిపిస్తోంది" అన్నారు. పడిపోనా మరి! పైనుంచి కిందిదాకా చదివేశాను. అదే రోజు అత్తయ్య సంచీలోంచి కాగితం, పెన్ను తీసి, "రెండు ముక్కలు రాసి చూపించమ్మా, నాకు మంచి చేతిరాతంటే పిచ్చి" అన్నారు. రాసి ఇచ్చాను. ఎన్నాళ్లనుంచో పోయిన తాళంచెవి దొరికినట్టు చూశారావిడ ఆ కాగితాన్ని. పెళ్లయ్యాక కరెంటు ఆఫీసు ఉత్తరం వచ్చినా, మందుసీసా మీద రాసిందైనా, "నువ్వు చదువు, నేను వింటాను" అనేవారాయన, నా ఒళ్లో తలపెట్టుకుని. అంత రసికుడు ఎవరికి దొరుకుతాడని నేను మురిసిపోయాను. తర్వాత రిపోర్టులు. ఆయన లిఫ్టు మెకానిక్. తలుపు దగ్గర చెవి పెట్టి విని ఏ బోల్టు వదులైందో చెప్పేస్తారు. నెలన్నర క్రితం సూపర్‌వైజర్ని చేశారు. ఇక రోజూ ఎనిమిది లిఫ్టుల తనిఖీ పత్రాలు నింపాలి. సాయంత్రం నేను బడినుంచి వచ్చి, వంటింట్లో నా వాటా పని ముగించి, చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన కాళ్లు బారజాపుకుని సిద్ధంగా ఉండేవారు. "రాసుకో టీచరమ్మా. రోపు బాగుంది. బ్రేకు బాగుంది. అలారం గంట మోగుతోంది, కానీ దిగులుగా మోగుతోంది." ఆఫీసు ఆఫీసు ఆట ఆడుతున్నాం అనుకున్నాను. నాకిప్పుడు లిఫ్టు గురించి ఏదడిగినా తెలుసు. ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

శుక్రవారం పెద్దటీచర్ నన్ను గదిలోకి పిలిచారు. వచ్చేనెల నుంచి కొత్తగా చిన్నపిల్లల గది తెరుస్తున్నారట, ఆరేడేళ్ల వాళ్లకి. "దెబ్బలు తినకముందే మన దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ గది నీది. ఇసుక రంగు నుంచి గోడ రంగు దాకా నీ ఇష్టం. సోమవారం కల్లా చెప్పు" అన్నారు. ఇంటిదాకా మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాను, ఇంట్లో లిఫ్టాయన్ని పెట్టుకుని! చెప్పగానే అత్తయ్య గరిటె ఆపి, "నువ్వు ఆ బడి మానేస్తావనుకుంటుంటే, ఇంకా గదులు పుచ్చుకుంటున్నావా?" అన్నారు. వచ్చేనెల నుంచి రిపోర్టులు ఇంటికి తేవడం కుదరదట, ఏ బిల్డింగువి ఆ బిల్డింగులోనే, అక్కడివాళ్ల ముందే రాసి సంతకం పెట్టాలట. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వు కూడా నాతో వచ్చెయ్. రోజంతా ఇద్దరం కలిసే ఉండొచ్చు. పైకీ కిందికీ తిరుగుదాం" అన్నారు. ఎంత బాగా అన్నారో. నిజం చెప్పొద్దూ, శనివారమంతా ఊగిసలాడాను. ఆదివారం పొద్దున బట్టలు చూసే వేళకి "సరే వస్తాను" అన్న మాట దాదాపు నాలుక చివర ఉంది.

"దొరికిందా అది? ఇలా ఇయ్యి. అది లేకపోతే వాడికి కాలూ చెయ్యీ ఆడదు."

అత్తయ్య క్లిప్పుల బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన అప్పటికే ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోను వస్తే వెళ్లారు.

"ఇదేంటత్తయ్యా?"

"ఏదో... చిన్నప్పటి అలవాటు."

"మా బడిలో దీన్ని కిటికీ అట్ట అంటారు."

ఆవిడ బుట్టలోంచి ఒక క్లిప్పు తీసి, దేనికీ పెట్టకుండా తెరిచి మూసి, తెరిచి మూసి చేశారు. "తెలిసిందన్నమాట. తెలియనీలే. తెలిసినా తట్టుకునేదాన్నే కదా ఏరికోరి తెచ్చుకుంది" అన్నారు.

ఏరికోరి. ఆ మాటకి నూట మూడు రోజులూ ఒక్కసారి పేజీలో వరుసల్లా కదిలిపోయాయి. మెనూ, చేతిరాత, ఒళ్లో తల. ఏ వరుస ఎక్కడిదో నాకే తెలియలేదు.

ఆవిడే చెప్పుకొచ్చారు, నన్ను చూడకుండా తడిబట్టల్ని చూస్తూ. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ఆపరేటర్‌గా చేసేవారట. నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. నాలుగువందల నంబర్లు కంఠతా వచ్చట. కొడుకు మూడో తరగతిలో ఉండగా మాస్టారు పిలిపించి, "మీవాడి బుర్రలో మట్టి తప్ప ఏం లేదు, ఇంట్లో తల్లి ఉంటే కదా చదువొచ్చేది" అన్నాడట. మర్నాడే ఉద్యోగం మానేశారు. పాఠాలు చదివి వినిపిస్తే వాడు విని గుర్తుపెట్టుకునేవాడు. హోంవర్కులు ఆవిడే రాసేవారు, కొడుకు చేతిరాతలా కనిపించడానికి ఎడమచేత్తో. తర్వాత దరఖాస్తులు, ఫారాలు, ఉద్యోగంలో కాగితాలు.

"వాడు వదిలేసిన ఒత్తులన్నీ నేనే పెట్టుకుంటూ వచ్చానమ్మాయ్. ఇరవై రెండేళ్లు. ఇప్పుడు నా కళ్లకి మసక. ఇక నీ వంతు. ఆడదానికి పది చేతులుండాలి, రెండు చేతులతో సంసారం సాగదు."

"ఈ అట్ట ఎవరు చేసిచ్చారు?"

"ఎవరిస్తారు? పదకొండో ఏట వాడే కోసుకున్నాడు. బ్లేడు తీసినందుకు రెండు తగిలించాను కూడా."

ఆ పదకొండేళ్ల పిల్లవాణ్ణి తలుచుకుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మా శిక్షణలో మూడోవారం నేర్పినదాన్ని తనంతట తాను కనిపెట్టుకున్నాడు, దెబ్బలు తిన్నాడు, జేబులో దాచుకున్నాడు. అదే క్షణంలో వాణ్ణి పట్టుకుని కుదిపేయాలనిపించింది. ముప్పయ్యేళ్ల మగవాడయ్యాక కూడా వాడి కిటికీ వాడి జేబులోనే ఉంది, బయట నిలబడి చదివిపెట్టేది మాత్రం ఎవరో ఒక ఆడది. మొన్న ఈవిడ, ఇవాళ నేను.

"మీకా ఉద్యోగం ఇష్టమేనా అత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడ ఆ ప్రశ్న అర్థం కానట్టు చూశారు. "ఇప్పటికీ ఎక్కడైనా ఫోను మోగితే నా చెయ్యి చెవి దగ్గరికి పోతుంది" అన్నారు. క్లిప్పుల బుట్ట నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం పన్నెండింటికి మా ఆయన వచ్చారు, మోచేతుల దాకా గ్రీజు, మొహంనిండా నవ్వు. "ఎవరో సంగీతం టీచరు ఇరుక్కుందోయ్. గంటసేపూ ధైర్యంగా పాడుతూనే ఉంది. ఆవిడతో పాటు ఇరుక్కున్న ఇద్దరు మాత్రం ముందు మమ్మల్ని తియ్యండి మహాప్రభో అని ఏడుస్తున్నారు!" నేను పగలబడి నవ్వాను. నవ్వకుండా ఎలా ఉంటాను, మా ఆయన చెప్తుంటే. చేతులు కడుక్కుని వచ్చి తనిఖీ పత్రం బల్లమీద పరిచారు. "రాసుకో టీచరమ్మా."

నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పెన్ను మూత తీసి ఆయన వైపు పెట్టాను. పక్కనే అట్ట పెట్టాను.

ఆయన మొహంలో నవ్వు ఎలా దిగిందంటే, పై అంతస్తులో కరెంటు పోయిన లిఫ్టులా, మధ్యలో ఆగిపోయింది. పైకీ పోలేదు, కిందికీ రాలేదు. వంటింటి గుమ్మం వైపు చూశారు. అత్తయ్య అక్కడే ఉన్నారు.

"అమ్మ చెప్పిందా?"

"జేబు చెప్పింది."

"నవ్వుకో."

"నవ్వేదేముంది? నీది మా వాటికంటే బాగుంది. మేం ఉత్త సందు కోసి ఊరుకుంటాం. నువ్వు చివర చిన్న గాటు పెట్టావు చూడు, వరుస అయిపోయిందని వేలికి తెలిసేలా. రేపటినుంచి మా పిల్లలకి కూడా అలాగే కోస్తాను."

నేను ఆయన్ని అత్తయ్య ముందు "మీరు" అంటాను, గదిలో తలుపేసుకున్నాక "నువ్వు" అంటాను. ఆ మధ్యాహ్నం హాల్లో, అందరి ముందూ నువ్వే వచ్చింది. ఎవరూ అసలు విన్నట్టే లేరు.

"సరే, తెలిసిందిగా. అయితే ఏంటిప్పుడు?" అన్నారాయన, పెన్ను నా వైపు తోస్తూ. "రోజంతా ఊళ్లో పిల్లలకి చేసే పనే కదా ఇది. మొగుడికి చేస్తే అరిగిపోతావా?"

గుచ్చుకుంది. చాలా లోతుగానే. కానీ అప్పటికి నాకు ఏం చెప్పాలో స్పష్టంగా తెలుసు, క్లాసులో నిలబడ్డప్పుడు తెలిసినట్టు. "అక్కడ నేను ఎవరికీ రాసిపెట్టను. అక్కడ నా చేతులు వెనక ఉంటాయి. రాసిపెడితే ఏమవుతుందో ఈ ఇంట్లోనే చూశాను. ఒకరు ఉద్యోగం మానేశారు, ఇంకొకరు మానబోయారు, నీకు మాత్రం ఒక్క ఒత్తూ రాలేదు."

"ఇందుకోసమే నిన్ను చేసుకున్నాననుకుంటున్నావా?"

"అత్తయ్య అలాగే అన్నారు మరి. ఏరికోరి తెచ్చారట."

ఆయన బల్లమీద గ్రీజు మరక గోకుతూ కూర్చున్నారు. "అమ్మ నీ చేతిరాత చూసింది," అన్నారు మెల్లగా. "నేను వేరేది చూశాను. ఆ రోజు నువ్వు మెనూ చదువుతూ చదువుతూ, అడుగున చీమంత అక్షరాల్లో అచ్చేసినవాళ్ల పేరు కూడా చదివావు. నేనడగలేదు. పేజీలో అక్కడ కూడా ఏదో ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఈ పిల్లకి ఏదీ వదిలిపెట్టడం రాదు అనుకున్నా."

కరిగిపోయాను. ఎందుకు దాచాలి, మోకాళ్ల దాకా కరిగాను. లేచి వెళ్లి గ్రీజు పూర్తిగా వదలని ఆ చేతుల్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది, అత్తయ్య ఉన్నా సరే. కానీ కరగడం వేరు, రాసిపెట్టడం వేరు.

"విను," అన్నాను. "రేపు పెద్దటీచర్‌కి ఆ గది నాదే అని చెప్తున్నాను. నీ వెంట బిల్డింగులకి రాను. ఇవాళ్టినుంచి రిపోర్టు ఒక్కటి కూడా రాయను. శనివారాలు మా బడిలో పెద్దవాళ్ల క్లాసుంది, లెక్కల సారు చెప్తారు. ఒక టాక్సీ డ్రైవరున్నాడు, ఇద్దరు మనవలున్న ఒక బామ్మ ఉంది. ఫారం ఇస్తాను. చేరతావో లేదో నీ ఇష్టం, నింపేది మాత్రం నువ్వే."

"నువ్వు నేర్పవా?"

"నేర్పను. ఇంట్లో కూడా టీచర్నైతే నీకు పెళ్లాం ఎవరుంటారు? నాకు మొగుడెవరుంటాడు? ఇప్పుడిప్పుడే దొరికాడు, పోగొట్టుకోలేను."

గుమ్మంలోంచి అత్తయ్య ముక్కుతో నవ్వినట్టు చప్పుడైంది, వెంటనే దగ్గులోకి మార్చేశారు.

"మేనేజరుకి తెలిస్తే పోస్టు పోతుంది," అన్నారాయన. అది వేళాకోళం కాదు. ఆ గొంతు నేను విన్నదే. మా బడికి మొదటిరోజు వచ్చిన ప్రతి పిల్లదీ అదే గొంతు.

"దాస్తే రోజూ పోతూనే ఉంటుంది. నువ్వే వెళ్లి చెప్పు. తలుపు చప్పుడు విని బోల్టు పేరు చెప్పేవాణ్ణి వదులుకోవడానికి అతనేమైనా పిచ్చివాడా?"

ఆయన పెన్ను చూశారు. అట్ట చూశారు. అట్టని పత్రంమీద మొదటి వరుసలో పెట్టారు, ఎంత అలవాటుగా, ఎంత జాగ్రత్తగా పెట్టారో. పెన్ను తీసుకున్నారు. నేను లేచి నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

మూడు వరుసలకి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై అయిదు నిమిషాలూ నాకెంత కష్టమో చెప్పలేను. బడిలో ఎనిమిదిమందిని చూస్తూ నిలబడటం ఒక ఎత్తు, ప్రేమించినవాడు 'భ'కి 'బ'కి మధ్య నలిగిపోతుంటే చూస్తూ నిలబడటం ఒక ఎత్తు. చెమట ముక్కుమీదనుంచి జారుతోంది. ఒకసారి కాగితం చింపబోయారు. నేను వెనక నా మణికట్టు నేనే గిల్లుకున్నాను. అన్నీ భద్రంగా ఉన్నాయని రాయాలి. 'బద్రం' అని రాశారు.

"అయ్యో, అక్కడ ఒత్తు..." అత్తయ్య ఎప్పుడు వచ్చారో, ఆయన భుజంమీదుగా ఎడమచెయ్యి చాచేశారు.

"అత్తయ్యా, చేతులు!"

నా గొంతులో సాక్షాత్తూ ఇన్‌స్పెక్టరమ్మ పలికింది. ఆవిడ ఉలిక్కిపడ్డారు. చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నన్ను చూశారు, కొడుకుని చూశారు. తర్వాత, ఎక్స్‌చేంజీలో పై అధికారి వచ్చి వెనక నిలబడితే అలాగే చేసేవారేమో, నిటారుగా నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

ఆయన చివరి వరుస పూర్తి చేసి పెన్ను పడేశారు, ఏదో బరువు దింపినట్టు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అత్తయ్య చేతులు ముందుకి తెచ్చి, వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇప్పుడు వీటితో ఏం చెయ్యమంటావే?" అని అడిగారు నన్ను. వెటకారమేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అడిగారు.

సోమవారం పెద్దటీచర్ గదిలోకి వెళ్లి "గది నాదే" అన్నాను. ఆవిడ తల ఎత్తకుండా, "గోడలకి ఏ రంగు?" అన్నారు. మా ఆయన మేనేజరు గది ముందు రెండు రోజులు తచ్చాడి బుధవారం చెప్పారట. మేనేజరు పెన్నుతో చెవి గోక్కుంటూ, "ఈ మాట మొదటి రిపోర్టుకి ముందే చెప్పాల్సింది. ఫోనులో నోటితో చెప్పి పంపించు, అక్కడ సంతకం ఒక్కటి పెట్టు చాలు. నువ్వు మాట్లాడితే నాకు అర్థమవుతుంది. ఆ పత్రాల్లో 'గంట దిగులుగా మోగుతోంది' అని రాసిందెవరో గానీ, నెలన్నరగా తల బద్దలు కొట్టుకుంటున్నాను" అన్నాడట. ఆ వాక్యం నేనే రాశాను. చెప్పింది చెప్పినట్టు రాస్తే ఇంతే మరి.

ఇంట్లో అంతా ఒక్కరోజులో మారిపోలేదు. అత్తయ్య రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడారు. మూడోరోజు బడిలో ఫోన్లు ఎవరు తీస్తారని మాటవరసకి అన్నట్టు అడిగారు. ఎవరికి తీరితే వాళ్లే తీస్తారని చెప్తే, "అదేం పద్ధతి!" అని రోజంతా గొణుక్కున్నారు. 'నేను తీస్తాను' అన్న మాట ఆవిడ నోటినుంచే రావాలని చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. తర్వాతి ఆదివారం బట్టలు మా ఆయన చూశారు. తెల్లవన్నీ లేత గులాబీ రంగులోకి వచ్చాయి. నాకా రంగు చాలా బాగుంది, బడికి అదే వేసుకెళ్లాను.

పెద్దవాళ్ల క్లాసు ఫారం ఇచ్చి వారమైనా ఆయన దాని ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎంత కష్టపడి ఎత్తలేదో నాకే తెలుసు. ఈ శుక్రవారం పొద్దున బడిలో సంచీ తెరిస్తే టిఫిను డబ్బా కింద నాలుగు మడతలు పెట్టి ఉంది ఆ కాగితం. అంతా నిండి ఉంది. అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కి, దిగి, మళ్లీ సర్దుకుని నిలబడ్డాయి. అడుగున ఆఖరి ప్రశ్న, మీరు ఈ తరగతిలో ఎందుకు చేరాలనుకుంటున్నారు? దాని కింద ఒకే ఒక్క వరుస.

"నా బార్య చేతులు కాళీగా ఉండాలి."

మొదట నవ్వొచ్చింది. ఒత్తు పోతే ఖాళీ కాళి అయిపోతుంది కదా. అత్తయ్య అడిగిన పది చేతులూ ఒక్క అక్షరం తప్పుతో వచ్చి కూర్చున్నాయి నాకు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, మళ్లీ చదివాను. ఫారం లెక్కల సారుకి వెళ్లాలి, దిద్దితే రెండు చుక్కల సిరా. అలవాటు ప్రకారం నా చెయ్యి బల్లమీద పెన్ను దాకా వెళ్లింది.

గంట ఇంకా కొట్టలేదు. ఇన్‌స్పెక్టరమ్మ రాలేదు, గదిలో ఎవరూ లేరు, నన్ను చూసేవాళ్లెవరూ లేరు.

చేతులు వెనక్కి కట్టుకున్నాను.